పెర్ల్‌లో డేటా డంపర్: అరల్లో ఏముందో చూపే పాత పనిముట్టు

హ్యాష్‌లో (కీ అనే పేరు పెట్టి ఒక్కో విలువను దాచే పట్టికలో) హ్యాష్, దానిలో అర్రే (వరుస జాబితా), ఆ అర్రేలో మళ్లీ హ్యాష్‌లు పెట్టుకుని పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు, ఏ అరలో ఏముందో తెలియకపోవడం. డేటా ఉన్న చోటును సూచించే రిఫరెన్స్‌ను నేరుగా ప్రింట్ చేస్తే హ్యాష్ అన్న మాట, పక్కనే ఒక మెమరీ చిరునామా తప్ప మరేమీ కనిపించవు. ఆ చిరునామా వెనుక ఉన్నదంతా విప్పి చూపే మాడ్యూల్ డేటా డంపర్. గురుసామి సారథి రాసిన ఈ మాడ్యూల్ 1998 నాటి 5.005 వెర్షన్ నుంచి పెర్ల్‌తోనే వస్తోంది కనుక విడిగా ఇన్‌స్టాల్ చేసుకోనక్కరలేదు.

దీని విలువ నాకు ఒక తప్పుడు లెక్క వల్ల తెలిసింది. జిల్లా, దానిలో మండలాలు, ఒక్కో మండలానికి గ్రామాల అర్రే ఉన్న ఆంధ్రప్రదేశ్ పాత జాబితాలో 13 జిల్లాలే ఉండాలి. నా స్క్రిప్టు మాత్రం 14 అని చూపింది. డంపర్‌తో చూస్తే, మధ్యలో ఎక్కడో నంద్యాల పేరుతో ఒక ఖాళీ హ్యాష్ కూర్చుని ఉంది. నంద్యాల జిల్లాలో బనగానపల్లె మండలం ఉందా అని అంతకుముందు నేను, కీ ఉందో లేదో చెప్పే ఎగ్జిస్ట్స్‌తో అడిగిన ప్రశ్నే దానికి కారణం. మండలం ఉందో లేదో చెప్పడానికి పెర్ల్ ముందుగా జిల్లా అరలోకి వెళ్లాలి, ఆ అర లేకపోతే అడక్కుండానే తయారుచేసుకుంటుంది. ఆటోవివిఫికేషన్ అంటే ఇదే. ప్రభుత్వం 2022 ఏప్రిల్ 4న ఏర్పాటు చేసిన జిల్లాను పెర్ల్ ఏ జీవో లేకుండానే పాత జాబితాలో ఏర్పాటు చేసింది. జిల్లా ఉందా అని ముందు అడిగి, ఉంటేనే మండలం గురించి అడిగేలా మార్చాక లెక్క కుదిరింది.

అయితే ఆ ఖాళీ అర నంద్యాలదేనని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. డీకోడ్ చేసిన, అంటే బైట్ల నుంచి అక్షరాలుగా మార్చిన తెలుగును డంపర్ అక్షరాలుగా చూపదు; నంద్యాల అన్న పేరు పొల్లు, సున్న, గుణింతపు గుర్తులతో కలిపి ఏడు యూనికోడ్ సంఖ్యల వరుసగా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే, డీకోడ్ చేయడం మరచిపోయిన తెలుగు అదే తెరపై సాధారణంగా చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు పెర్ల్ దృష్టిలో అది 21 బైట్ల ముద్ద మాత్రమే, డంపర్ దాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. తెలుగు అందంగా కనిపించిందంటే అనుమానించాలన్న అలవాటు నాకు అలా అబ్బింది.

డంపర్ డిఫాల్ట్ అమరికలు కూడా నాకు నచ్చవు. కీలను వరుసలో పెట్టే సార్ట్‌కీస్‌ను ఆన్ చేయకపోతే, 2013 నాటి 5.18 నుంచి హ్యాష్ క్రమం ప్రతి రన్‌లోనూ మారుతుంది కనుక, నిన్నటి డంప్‌ను నేటి డంప్‌తో పోల్చడం వృథా. లోపలి వరుసలను కుడికి జరిపే ఇండెంట్‌ను ఒకటికి తగ్గించకపోతే లోతైన నిర్మాణం తెర కుడి అంచుకు జారిపోతుంది. డంపర్‌కు ఇచ్చేటప్పుడు హ్యాష్‌ను రిఫరెన్స్‌గా మార్చే బ్యాక్‌స్లాష్‌ను దాని ముందు పెట్టడం మరిచారా, కీలూ విలువలూ విడివిడి వేరియబుల్స్‌గా చెల్లాచెదురవుతాయి.

తెలుగు అక్షరాల్లోనే చూడాలంటే 5.14 నుంచి పెర్ల్‌తో వస్తున్న, డేటాను జేసన్ రూపంలో రాసే జేసన్ పీపీ మాడ్యూల్ నయం. కానీ పిల్ల నుంచి తల్లికి, అంటే లోపలి అర నుంచి దాన్ని పట్టుకున్న బయటి అరకు, తిరిగి రిఫరెన్స్ ఉన్న నిర్మాణాన్ని అది రాయలేదు. డంపర్ మాత్రం ఆ చోట మొదటి వేరియబుల్‌కు దారి రాసి ఊరుకుంటుంది. అందుకే నా స్క్రిప్టుల్లో రెండూ ఉన్నాయి. డంప్‌ను ఫైల్లో దాచి, రాతను కోడ్‌గా నడిపే ఇవాల్‌తో తిరిగి చదివే పద్ధతిని మాత్రం మానేశాను, ఆ ఫైల్లో ఎవరేం రాసినా అది ప్రోగ్రాముగా నడుస్తుంది.