80 సెంట్ల కళ్ళం, ఏడు వానాకాలాలు, ఒక గడ్డి మిషను

2014 అక్టోబరు 12 దాకా మా కళ్ళంలో గడ్డి గురించి ఎవరూ మాట్లాడుకున్నది లేదు. ఆ రోజు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఫోన్లు పనిచేయలేదు. మూడో రోజు రోడ్డు మీద పడ్డ చెట్లను తప్పించుకుంటూ బైకు మీద వెళ్లి చూస్తే, తాత నాటిన మామిళ్లలో పదకొండు, జీడిమామిళ్లు దాదాపు అన్నీ వేళ్లతో సహా లేచి పడున్నాయి. తాటిచెట్లు మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాయి. కలప తీయించడానికే ఆర్నెల్లు పట్టింది. మరుసటి జూన్‌లో తొలకరి పడ్డాక గానీ తెలియలేదు, ఇన్నేళ్లూ గడ్డిని అణిచిపెట్టింది ఆ చెట్ల నీడేనని. ఆగస్టు వచ్చేసరికి నుయ్యి దగ్గరికి వెళ్లడానికి కర్రతో తట్టుకుంటూ నడవాల్సి వచ్చింది.

మాది ఆనందపురం జంక్షన్ దాటి పద్మనాభం వైపు. ఇల్లు, నుయ్యి, పాత పశువులశాల పునాది పోగా మిగిలిందంతా ఎర్రమట్టి నేల, మొత్తం 80 సెంట్లు. ఒకప్పుడు అక్కడ నూర్పిళ్లు చేసేవాళ్లు కాబట్టి ఇప్పటికీ దాన్ని కళ్ళం అనే అంటాం. నాన్న అక్కడే ఉంటాడు. నేను విశాఖ మురళీనగర్‌లో ఉంటాను, ఆదివారం విడిచి ఆదివారం వెళ్తాను. మొదటి మూడేళ్లు కూలీలతో కోయించాం. నలుగురు రెండు రోజులు కోసి వెళ్లేవాళ్లు, నేను మళ్లీ వెళ్లేలోపు మోకాలెత్తు లేచేది. తరవాత తరవాత మనుషులు దొరకడమే కష్టమైంది. ఆ టెన్షన్ పడలేక 2018 జులైలో మిషను కొన్నాను.

షాపులో ముందు చక్రాల మీద తోసే లాన్ మోవర్ చూపించారు. బంగ్లా ముందు పచ్చిక తివాచీకైతే అది బాగుంటుంది. మోడులు, రాళ్లు, గోతులు ఉన్న నేలలో అది పదడుగులు కూడా కదలదు. నేను తీసుకున్నది బెల్టుతో భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్, 35 సీసీ, ఫోర్ స్ట్రోక్ ఇంజను. టూ స్ట్రోక్‌ది బరువు తక్కువే గానీ ప్రతిసారీ పెట్రోల్లో ఆయిల్ లెక్కగా కలపాలి. నాలాంటి మతిమరుపు మనిషికి అది పడదు. అప్పట్లో 12,800 రూపాయలు అయ్యింది. దాంతో మూడు పళ్ల ఇనప బ్లేడు, నైలాన్ తీగ చుట్టే హెడ్, బెల్టు, ఒక జత కళ్ళద్దాలు ఇచ్చారు. ఆ కళ్ళద్దాలు తీర్థంలో పిల్లలకి కొనిపెట్టే రకం. మొదటి వారమే పక్కన పడేసి మంచివి కొనుక్కున్నాను.

పని సంగతి. ట్యాంకులో ఆరు వందల చిల్లర మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. దాంతో సుమారు 50 నిమిషాలు నడుస్తుంది. మోకాలెత్తు గడ్డిలో ఒక ట్యాంకుకి పది సెంట్లు అవుతుంది, అంతకు మించి ఆశ పడొద్దు. ఇంజను ఏడేళ్లలో ఒక్కసారీ మధ్యలో ఆగిపోలేదు. చేతులు మాత్రం ఆగిపోతాయి. ఒక ట్యాంకు అయ్యేసరికి వేళ్లు జోమెక్కి, టీ గ్లాసు పట్టుకుంటే ఇంకా మిషను పట్టుకున్నట్టే ఉంటుంది. అందుకే ట్యాంకుకీ ట్యాంకుకీ మధ్య 20 నిమిషాలు అరుగు మీద కూర్చోవడం నా నియమం. మిషను కొనకముందు కళ్ళానికి వెళ్తే నాన్నతో మందుల సంగతి, కరెంటు బిల్లు సంగతి తప్ప మాటలు ఉండేవి కావు. ఈ 20 నిమిషాల్లో చేసేదేమీ ఉండదు కాబట్టి ఆయన ఏదో ఒకటి చెప్తాడు. తాత నుయ్యి తవ్వించేటప్పుడు ఎన్ని నిలువుల లోతులో రాయి తగిలిందో నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

మొదటి నెల నేను మిషన్ని చీపురులా అటూ ఇటూ ఊపాను. కోసిన గడ్డి కోయని గడ్డి మీద పడి, దాన్నే మళ్లీ కోయడం. ఈ మిషన్లని ఎన్నడూ ముట్టుకోని నాన్న అరుగు మీంచి రెండు వారాలు చూసి, "ఒరే, అది ఎటు విసురుతోందో చూసి ఆ వైపే పోనీరా" అన్నాడు. చూస్తే నిజమే, బ్లేడు గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, గడ్డిని ఎడమకి విసురుతుంది. కుడి నుంచి ఎడమకి కోసుకుంటూ, కోయని గడ్డి ఎప్పుడూ కుడి చేతి వైపు ఉండేలా నడిస్తే వరస శుభ్రంగా పడుతుంది. ఇది మాన్యువల్లో బొమ్మతో సహా ఉంది. అదే పుస్తకంలో, కోస్తున్నప్పుడు చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదని కూడా ఉంది. ఏదో రాయాలని రాశారనుకున్నాను. పది అడుగుల అవతల ఉన్న నా కారు అద్దం గులకరాయి తగిలి పగిలిన రోజున పుస్తకం మొత్తం చదివాను.

ఇప్పుడు తాత సంగతి చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష అబద్ధం అవుతుంది. మా తాత కాదు, ఊళ్లో రెండు గేదెలున్న ఒక ముసలాయన. రోజూ సాయంత్రం కొడవలి, తాడు పట్టుకొచ్చి మా కళ్ళంలో ఒక మోపు గడ్డి కోసుకుని వెళ్లేవాడట. నేను వెళ్లేది ఆదివారం పొద్దున్న కాబట్టి ఆయన నా కంట పడలేదు. మొదటిసారి రెండు రోజులు కష్టపడి 80 సెంట్లూ గుండు గీసినట్టు చేసి, ఫొటోలు తీసుకుని మురిసిపోతుంటే ఆయన ఖాళీ తాడుతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కిందంతా గడ్డే కదా, పట్టుకెళ్లు తాతా అన్నాను. ఒక పిడికెడు తీసి, వాసన చూసి, వదిలేశాడు. "ఏటి బాబూ, నుగ్గు నుగ్గు చేసీసినావు. గేదె ఏటి తింటాది?" అన్నాడు. కోపంగా కాదు, లెక్క అడిగినట్టు.

ఆయన అన్నది నిజం. నైలాన్ తీగ గడ్డిని కోయదు, చితక్కొడుతుంది. ముక్కలు మట్టితో కలిసిపోతాయి. తీగ అరిగి రాలే ప్లాస్టిక్ పొళ్లు కూడా అందులోనే ఉంటాయి, అవి పశువు కడుపులోకి పోకూడదు. ఇనప బ్లేడుతో కోస్తే గడ్డి పోచలుగా పడుతుంది గానీ, దాన్ని ఏరి మోపు కట్టేసరికి ఆయన నడుం విరుగుతుంది. కూలీ డబ్బులు ఎంత మిగిలాయో నా దగ్గర లెక్క ఉంది. ఆయన గేదెలకి ఆ వారం గడ్డి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ పైనెల ఒక ఏర్పాటు చేసుకున్నాం. గట్టు పక్క తూర్పు సగం ఆయనది, అక్కడికి మిషను వెళ్లదు. ఇంటి చుట్టూ నాలుగు మీటర్లు, నుయ్యికి, గేటుకి దారులు, కొత్త మొక్కల వరసలు నావి. మొత్తం కలిపి 35 సెంట్లు. 80 సెంట్ల కోసం కొన్న మిషను సగం కూడా కోయడం లేదన్నమాట. నాన్న భయమల్లా రక్తపింజరి గురించి. ఇంటి చుట్టూ బోసిగా ఉంటే, కాలు పెట్టే చోటు కనిపిస్తే ఆయనకి చాలు. ముసలాయన పేడ తెచ్చి మొక్కల మొదట్లో వేస్తాడు. గేదె ఈనితే జున్నుపాలు వస్తాయి.

అదే ఏడాది ఇంకో అవమానం కూడా జరిగింది. వినాయక చవితికి వారం ముందే నేల చదును చేసేశాను. పూజకి గరిక కావాలి, ఉత్తరేణి కావాలి. రెండూ మా కళ్ళంలో కుప్పలుగా ఉండేవి, చుట్టుపక్కల వాళ్లు కూడా వచ్చి కోసుకునేవాళ్లు. ఆ పండక్కి 80 సెంట్ల ఆసామి ఆనందపురం జంక్షన్‌లో పత్రి కట్ట బేరమాడి కొనుక్కున్నాడు. మా ఆవిడ ఇప్పటికీ చవితి వస్తే గుర్తు చేస్తుంది.

నేలకి ఆనించి కోయడం ఎంత తప్పో తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఎంత కిందికి కోస్తే అన్ని రోజులు మళ్లీ కోయక్కర్లేదనేది నా లెక్క. జరిగింది వేరు. ఎర్రమట్టి బయటపడింది, అక్టోబరు వానలకి నుయ్యి వైపు మూరెడు లోతున గండి పడింది. బోసిగా ఉన్న చోటల్లా వయ్యారిభామ మొలిచింది. దాన్ని కోస్తే మొదట్లోంచి మళ్లీ చిగుళ్లు వేసి పూస్తుంది. మిషను దాని ముందు దండగ. వాన వెలిశాక నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే గ్లవుజులు వేసుకుని వేరుతో పీకాలి, లేకపోతే చేతులు దద్దుర్లెక్కుతాయి. తుంగ కూడా అంతే, కిందున్న గడ్డలు ఉన్నన్నాళ్లూ మనం పైన ఎంత కోసినా దానికి లెక్కలేదు. ఇప్పుడు హెడ్‌ని నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో పట్టుకుంటాను. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి తీయను. గరిక దానంతటదే అల్లుకుని గండి అంచులు పట్టుకుంది, దాని సందుల్లో వయ్యారిభామ బాగా తగ్గింది. చూడ్డానికి మాత్రం అంత నున్నగా ఉండదు. చుట్టాలు వస్తే "ఇంకా కోయలేదా" అంటారు.

ఈ మిషనుతో నేను చేసిన పెద్ద నష్టం ఒక సువర్ణరేఖ మామిడి మొక్క. తుపానుకి పడిన చెట్టు చోటే నాన్న నాటాడు. నాలుగో ఏడు, నా ఛాతీ ఎత్తుకి వచ్చింది. మొక్క మొదట్లో గడ్డి శుభ్రంగా పోవాలని నైలాన్ తీగని కాండం చుట్టూ తిప్పేవాణ్ని. అప్పుడేమీ కనపడలేదు. మూడు నెలలకి ఆకులు వాలాయి. చూస్తే మొదట్లో ఉంగరంలా బెరడు లేచిపోయి ఉంది. ఆకులు వండిన తిండి వేళ్లకి దిగేది ఆ బెరడులోంచే. చుట్టూరా తెగితే పైన పచ్చగా కనిపిస్తూనే కింద వేళ్లు ఆకలితో పోతాయి. నాన్న ఏమీ అనలేదు. మళ్లీ గొయ్యి తీయడానికి గునపం తెచ్చుకున్నాడు, 78 ఏళ్ల వయసులో. నేను తీస్తానంటే ఇవ్వలేదు. అప్పటి నుంచి ప్రతి మొక్కకీ నిలువునా చీల్చిన పాత పీవీసీ పైపు ముక్క తొడిగాం. మొక్క మొదలు చుట్టూ రెండు అడుగులు చేత్తోనే పీకుతాను. కోసిన గడ్డిని కాండానికి తగలకుండా జానెడు ఎడంగా పరిస్తే కొత్త కలుపూ తక్కువ, తడీ నిలుస్తుంది. కొన్న ఏడాదే ఇలా చేసి ఉంటే ఆ మొక్క ఈపాటికి కాపు మీద ఉండేది.

ఇంకొక ఆదివారం గేటు పక్క గులక నేలలో తీతువు పిట్ట నా మీదికే అరుచుకుంటూ వచ్చింది. ఇంజను ఆపి చూస్తే రాళ్ల మధ్య రాళ్లలాగే ఉన్న నాలుగు గుడ్లు. దాని కూత మంచిది కాదని మా వైపు నమ్మకం, అయినా నాన్నే నాలుగు కర్రలు పాతి పాత చీర పేలిక కట్టాడు. పిల్లలు లేవడానికి నాలుగు వారాలు పడుతుంది. నెల రోజులు కారు బయటే పెట్టుకున్నాం.

మెయింటెనెన్స్ గురించి క్లుప్తంగా చెప్తాను. జనవరి నుంచి మే దాకా గడ్డి ఎండిపోతుంది, మిషనుకి పని ఉండదు. మొదటి ఏడాది ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేశాను. జూన్‌లో తాడు లాగి లాగి భుజం పట్టేసింది గానీ స్టార్ట్ కాలేదు. తగరపువలస మెకానిక్ కార్బురేటర్ విప్పి చూపిస్తే లోపలంతా జిగురు. బంకు పెట్రోల్లో ఉండే ఇథనాల్ తేమని పీలుస్తుంది, నిలవ ఉంటే ఇంకా ఇబ్బంది. ఇప్పుడు సీజను చివర ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి మూల పెడతాను. యాభై గంటలకోసారి ఆయిల్, అది పట్టేది 100 మిల్లీలీటర్లే. ఎయిర్ ఫిల్టరు ప్రతిసారీ దులుపుతాను. గేర్ హెడ్‌లో గ్రీజు చూసుకోవాలి, నేను మర్చిపోయి ఒకసారి 900 వదిలించుకున్నాను. ఏడేళ్లలో రిపేర్లకి, తీగకి, బ్లేడ్లకి కలిపి ఆరు వేలు దాటలేదు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను, కాకపోతే ఇంత పెద్ద ఇంజను అక్కర్లేదు. పదిహేను, ఇరవై సెంట్ల లోపు ఉన్నవాళ్లకి బ్యాటరీది చాలు. మా మేనల్లుడు మధురవాడలో వాడుతున్నాడు, చప్పుడు తక్కువ. బెల్టు మాత్రం కంపెనీది పనికిరాదు, రెండు భుజాలకీ వచ్చేది విడిగా కొనుక్కోండి. నా దాని కొక్కెం గత నెలే తెగింది, ప్రస్తుతం గేదె పలుపు తాడుతో నడుస్తోంది. ముసలాయనే ముడి వేసిచ్చాడు.