సైజెరియాలో ఇద్దరి సాయంత్రం: 1,450 యెన్లకు ఏమొస్తుంది, ఏం రాదు

గోపాల్‌పూర్ ఒడ్డున ఇసుకలో కూర్చుని ముంత మసాలా తింటుంటే ఎవరూ లెమ్మనరు. పొద్దు వాలేదాకా, చీకటి పడేదాకా కూర్చోవచ్చు, ఖర్చు ముంతకే. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఉద్యోగానికో చదువుకో జపాన్ వెళ్లిన పిల్లలకు అక్కడ మొదట దొరకనిది ఇదే: ఊరికే కూర్చునే చోటు. ఉండే గది చిన్నది, గోడ పల్చన, ఇద్దరు గట్టిగా నవ్వితే పక్క గదికి వినిపిస్తుంది. కాఫీ దుకాణంలో కప్పుకు 500 యెన్లు పెట్టి, అది చల్లారాక ఇంకెంతసేపు కూర్చోవాలా అని మొహమాటపడాలి. ఇజకాయాకు, అంటే మందూ తిండీ దొరికే చోటుకు, వెళ్తే అడగకుండానే ఓ చిన్న గిన్నె తెచ్చిపెట్టి, దానికి మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో వేస్తారు. దాన్ని ఒతోషి అంటారు, కూర్చున్నందుకు కట్టే రుసుము లాంటిది.

అందుకే సైజెరియా అనే జపాన్ చవక హోటళ్ల గురించి ఇంత వివరంగా రాయడం. బోర్డు మీద ఇటలీ వంట అని ఉన్నా, నేను మార్కులు వేసేది ముందు కుర్చీకి, తరవాతే పళ్లేనికి. కుర్చీకి పూర్తి మార్కులు. పళ్లేనికి పదికి ఆరు, అదీ ఏం ఆర్డర్ చేయాలో తెలిసి వెళ్తేనే.

చిబా ప్రాంతంలోని ఇచికావాలో 1967లో చిన్న హోటల్‌గా మొదలైన ఈ సంస్థకు ఇప్పుడు జపాన్‌లో వెయ్యికి పైగా శాఖలున్నాయి. ఇంత చవగ్గా ఎలా ఇస్తారన్నది చాలామంది అడిగే ప్రశ్న. తెల్ల సాస్, మాంసం ముద్దలు ఆస్ట్రేలియాలో సొంత ఫ్యాక్టరీలో తయారవుతాయి. ఆకుకూర ఫుకుషిమాలోని షిరకావా పొలాల నుంచి వస్తుంది. శాఖకు చేరేసరికే అన్నీ సిద్ధంగా ఉంటాయి కాబట్టి అక్కడి వంటింట్లో వేడిచేసి సర్దడమే పని, కోతా తరుగూ దాదాపు ఉండవు. 2020 జులైలో కరోనా వేళ చిల్లర చేతులు మారడం తగ్గించాలని ధరలన్నీ 50, 100 యెన్ల మీద ఆగేలా సరిచేశారు. పన్ను కూడా అందులోనే ఉంటుంది, టిప్పు ఆచారం ఆ దేశంలోనే లేదు. మెనూ చూస్తూ నోటితో కలుపుకున్న మొత్తమే చివర బిల్లు మీద కనిపిస్తుంది. 100 యెన్లంటే ఇటీవలి మారకంలో 60 రూపాయలకు అటూ ఇటూ.

భాష రాకపోయినా ఇక్కడ ఆర్డర్ ఇవ్వడం కష్టం కాదు. తలుపు దగ్గర 'ఫుతారి దెసు' అంటే ఇద్దరమని అర్థం, రెండు వేళ్లు చూపినా సరిపోతుంది. రద్దీగా ఉంటే గుమ్మం దగ్గర చీటీ తీసుకుని నంబరు పిలిచేదాకా ఆగాలి. బల్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేసి, ఎంతమందో చెప్పి, మెనూలో ప్రతి వంటకం పక్కనున్న నాలుగంకెల నంబరు నొక్కాలి. జపనీస్ ఒక్క అక్షరం రాకపోయినా అంకెలు వస్తే చాలు. చంచాలు, ఫోర్కులు బల్ల మీద పెట్టెలోనే ఉంటాయి.

తప్పులు మాత్రం రెండు చోట్ల జరుగుతాయి. వంటకాలు ఎంచుకుని, ఆఖర్న 'ఆర్డర్ పంపు' అన్న బటన్ నొక్కడం మరిచిపోతారు. బుట్టలో అన్నీ ఉంటాయి, వంటింటికి ఏమీ వెళ్లదు, ఇరవై నిమిషాలు ఖాళీ బల్ల ముందు కూర్చుంటారు. రెండోది, ఇద్దరూ చెరో ఫోన్‌తో అదే కోడ్ స్కాన్ చేసి, ఒకరికి తెలియకుండా ఒకరు అదే పిజ్జా పంపడం. ఒక్కరి చేతిలోనే ఫోన్ ఉండనివ్వండి. ఛార్జింగ్ లేకపోతే 'సుమిమాసెన్' (ఏమండీ) అని పిలిస్తే మనిషి వచ్చి రాసుకుంటారు.

ఇక తిండి. అందరూ మొదట చెప్పే పేరు మిలానో ఫూ డోరియా, 300 యెన్లు. పసుపు కలిపిన అన్నం మీద తెల్ల సాస్, దాని మీద మాంసం సాస్ వేసి కాల్చి ఇస్తారు. పసుపన్నం చూడగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, 'ఇదేదో మనదే' అనిపిస్తుంది. ఆ సాస్‌లో గొడ్డుమాంసం ఉంటుంది. తినని ఇళ్ల నుంచి వెళ్లిన పిల్లలు తెలియక తినేసి తరవాత బాధపడే వంటకం ఇదే కాబట్టి మొదటే గుర్తుపెట్టుకోవాలి. హంబాగు అని మెనూలో ఉన్న వేడి పెనం వంటకాలకూ ఇదే జాగ్రత్త. అన్నట్టు, మిలానో ఫూ అంటే మిలాన్ తరహా అని అర్థం, కానీ మిలాన్ వెళ్లి డోరియా అడిగితే దొరకదు. 1930 ప్రాంతంలో యొకొహామా హోటల్ న్యూ గ్రాండ్‌లో సాలీ వైల్ అనే స్విట్జర్లాండ్ వంటమాస్టరు పుట్టించిన వంటకం అది.

గొడ్డుమాంసం, పందిమాంసం తినని వాళ్లు వాడాల్సిన ఆయుధం అలర్జీ పట్టిక. జపాన్‌లో అలర్జీ కలిగించే పదార్థాలకు ఒక జాబితా ఉంది. అందులో రొయ్య, గోధుమ, గుడ్డు, పాలు లాంటి కొన్నింటి పేర్లు ప్యాకెట్ మీద తప్పనిసరిగా వేయాలి, మిగతావి వేస్తే మంచిదని సూచన. గొడ్డుమాంసం, పందిమాంసం, కోడి, జెలటిన్ ఆ మిగతావాటిలో ఉన్నాయి. హోటళ్లకు ఈ నిబంధన వర్తించకపోయినా పెద్ద సంస్థలు పట్టికను తమ సైటులో పెడతాయి, సైజెరియా కూడా పెడుతుంది. 'గ్యూనికు' అంటే గొడ్డుమాంసం, 'బుతానికు' పంది, 'తోరినికు' కోడి. ఈ మూడు గళ్లతో పాటు జెలటిన్ గడి కూడా చూడాలి. సూపులో, సాస్‌లో కలిపిన మాంసం సారం కూడా ఆ మాంసం గడిలో లెక్కకొస్తుంది, ఈ పట్టిక విలువంతా అందులోనే ఉంది. పైకి కూరగాయల సూపులా కనిపించేదాన్ని కళ్లతో చూసి నమ్మకూడదు.

ఇద్దరికి నా లెక్క ఇది: మార్గెరీటా పిజ్జా 400, కరామి చికెన్ 300, రొయ్యల సలాడ్ 350, ఇద్దరికీ డ్రింక్ బార్ (ఎన్నిసార్లైనా పోసుకునే పానీయాలు) 200 చొప్పున 400. మొత్తం 1,450 యెన్లు, మన డబ్బుల్లో 870 రూపాయల దాకా. ధరలు మారుతుంటాయి, వెళ్లేముందు ఒకసారి చూసుకోండి. కరామి అంటే కారమని అర్థం, కానీ మన నాలుకకు అది కారమే కాదు. మసాలా పట్టించిన చిన్న కోడి రెక్కలు, వేడిగా ఉన్నప్పుడు బాగుంటాయి, చల్లారితే జిడ్డు తేలుతుంది, అందుకని రాగానే తినేయాలి. పిజ్జా పల్చన, అంచు మెత్తన. గంజాం జిల్లా నాలుకకు చప్పగా ఉంటుంది కాబట్టి మసాలా సామాన్లు పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లి ఎండుమిరప పలుకులు, మిరియాలు, ఆలివ్ నూనె తెచ్చుకోండి, వాటికి డబ్బులు లేవు. పలుకుల్ని పొడిగా చల్లితే నోటికి విడిగా తగులుతాయి. చిన్న పళ్లెంలో ఆలివ్ నూనె పోసి, పలుకులు, ఉప్పు వేసి ఐదు నిమిషాలు నానబెడితే కారం నూనెలోకి దిగుతుంది. పిజ్జా ముక్కను అందులో అద్దుకుంటే సగం సమస్య తీరినట్టే. అమ్మ పంపిన ఆవకాయ సీసా సంచిలో ఉన్నా అక్కడ మూత తీయకూడదు. బయటి తిండి తెచ్చుకోవడాన్ని మొచికొమి అంటారు, దాన్ని ఒప్పుకోరు.

కార్తీకంలో మన సరిహద్దు ఊళ్లలో, ఒడియా ఇళ్లలోనూ తెలుగు ఇళ్లలోనూ, నెలంతా చేపా మాంసం ముట్టనివాళ్లు చాలామంది. ఆ నెలలో ఇక్కడ మిగిలేవి తక్కువ: మార్గెరీటా, ఫొకాచ్చా రొట్టె, పెపెరొంచినో అనే వెల్లుల్లి నూడుల్స్, అదీ పట్టికలో చూసుకున్నాకే. ఉల్లి వెల్లుల్లి కూడా మానే ఇళ్ల వాళ్లకు ఇది సరైన చోటు కాదు. తిరామిసు అనే మిఠాయిలో గుడ్డు ఉంటుందని కూడా మరిచిపోకూడదు.

కూర్చున్న కాలానికి అసలు విలువ తెచ్చేది డ్రింక్ బార్. తిండితో కలిపి తీసుకుంటే 200, విడిగా 300. కాఫీ, ఎస్ప్రెసో, వేడినీళ్లతో టీ, చల్లటి సోడాలు, ఎన్నిసార్లైనా పోసుకోవచ్చు. మన మరిగించిన పాల టీ మాత్రం దొరకదు. ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు పంచుకోవడం. 'ఒకటి తీసుకుని ఇద్దరం తాగుదాం' అన్నది మన ఊళ్లో ప్రేమ, అక్కడ దొంగతనం కింద లెక్క. తాగే ప్రతి మనిషికీ ఒక డ్రింక్ బార్ కట్టాలి, నీళ్లు మాత్రం ఊరికే. ఒక మంచి ఉపాయం ఉంది: జెలాటో అనే ఇటలీ ఐస్‌క్రీమ్ ఒకటి చెప్పి, మిషన్ నుంచి ఎస్ప్రెసో సగం కప్పు పట్టి, వేడిగా దాని మీద పోస్తే అఫోగాతో తయారు. మెలన్ సోడాలో జెలాటో తేలిస్తే జపాన్ పిల్లలు ఇష్టపడే క్రీమ్ సోడా అవుతుంది. గ్లాసును అంచుదాకా నింపితే పొంగి బల్లంతా అవుతుంది, ముప్పావు నింపి ఆపండి.

వైన్ గ్లాసు 100 యెన్లకే దొరుకుతుంది, తాగడానికి ఇరవై ఏళ్లు నిండాలి. సైకిల్ మీద వచ్చినవాళ్లు ఆ గ్లాసు జోలికి పోవద్దు. కొద్దిగా తాగి సైకిల్ తొక్కినా 2024 నవంబరు నుంచి శిక్ష ఉంది, వీసా మీద బతుకుతున్న మనిషికి అది చిన్న విషయం కాదు.

పిల్లల మెనూ అడిగి తీసుకోండి, పెద్దలకైనా ఇస్తారు. దాని మీద రెండు బొమ్మలుంటాయి, మధ్య పది తేడాలు. చూడ్డానికి పిల్లల ఆట, కానీ పది పట్టడం పెద్దలకే గగనం. ఏడెనిమిది త్వరగా దొరుకుతాయి, ఆఖరి రెండూ అరగంట తింటాయి. మాట కలవని ఇద్దరికి, కొత్తగా పరిచయమైన ఇద్దరికి, ఒకే కాగితం మీదికి వంగి వెతుక్కునే ఆ అరగంట ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. భాష చాలనప్పుడు వేలు పెట్టి చూపిస్తే చాలు. దొరకని తేడాకు జవాబు సంస్థ సైటులో ఉంటుంది, కానీ ఆ సాయంత్రం చూడకండి.

సైజెరియాకు తీసుకెళ్లడం అమ్మాయికి మర్యాదేనా అన్న వాదన జపాన్‌లో నెట్టింట ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నా మాట: రెండోసారి, పదోసారి, పెళ్లయ్యాక వందోసారి, నిశ్చింతగా వెళ్లండి. మనసులో మాట చెప్పే రోజుకు మాత్రం వద్దు. అక్కడ ప్రేమ మొదలవడానికి కొకుహాకు అని ఒక పద్ధతుంది, 'సుకి దెసు, త్సుకియత్తె కుదసాయి', అంటే 'నువ్వంటే ఇష్టం, నాతో జతగా ఉండు' అని నేరుగా చెప్పి జవాబు వినాలి. చెప్పకుండా ఊహల్లోనే ఏడాది గడిపేసే మనవాళ్లకు ఇది కొత్త. ఆ మాటకు ఈ దీపాల వెలుగు మరీ ఎక్కువ, పక్క బల్ల మరీ దగ్గర, మీద గోడ బొమ్మలోంచి రాఫాయెల్ గీసిన రెండు దేవదూత పిల్లలు గడ్డానికి చెయ్యి ఆనించుకుని చూస్తుంటారు. తిని, బిల్లు కట్టి, దగ్గర్లో నది గట్టు ఉంటే అక్కడికి నడవండి. డిసెంబరు 24 రాత్రి జంటల పండగ, ఆ రోజు ఎక్కడికెళ్లినా రద్దీయే. ఫిబ్రవరి 14న అక్కడ అమ్మాయిలు చాక్లెట్ ఇస్తారు, మార్చి 14న అబ్బాయిలు బదులివ్వాలి. ఆ తేదీ మరిచిపోతే 300 యెన్ల డోరియా ఏదీ కాపాడదు.

డబ్బు విషయంలో సగం సగం కట్టుకోవడం, అంటే వారికాన్, అక్కడ మామూలే. 'నేనే కడతాను' అని బల్ల దగ్గర పెనుగులాడటం బరంపురం మర్యాద కావచ్చు, కౌంటర్ దగ్గర వరస ఆగిపోతే అందరూ ఇబ్బంది పడతారు. ఒకరు కట్టి, మరొకరు బయటికొచ్చాక లెక్క తేల్చుకోవడం మేలు.

వెళ్లాల్సిన వేళ, వారం మధ్య రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. మూడింటిలోపు చేరితే వారం మధ్య లంచ్ 500 యెన్లకు దొరుకుతుంది. శని ఆదివారాల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలతో కుటుంబాలు వస్తాయి, వరస బయటిదాకా సాగుతుంది. అప్పుడు రెండు గంటలు బల్ల పట్టుకోవడం న్యాయం కాదు, గంటలో లేవండి. లోపలంతా పొగ నిషేధం. కొన్ని పాత చిన్న కాఫీ దుకాణాల్లో ఇప్పటికీ సిగరెట్ వాసన బట్టలకు పడుతుంది, ఆ బాధ ఇక్కడ లేదు.

జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే బరంపురంలో సాయంత్రం ఐదు, ఇంట్లో టీ పెట్టే వేళ, వీడియో కాల్ వచ్చే వేళ. స్పీకర్ పెట్టి మాట్లాడితే హాలంతా తిరిగి చూస్తుంది. 'అమ్మా, పది నిమిషాలాగి నేనే చేస్తాను' అని మెసేజ్ పెట్టి, గుమ్మం బయట సైకిళ్ల స్టాండు పక్కన నిలబడి మాట్లాడి రండి. చాలా శాఖలు పది, పదకొండుకు మూసేస్తాయి, ఆఖరి ఆర్డర్ దానికి ముందే తీసుకుంటారు. జెలాటో చెప్పాలనుకుంటే ఫోన్‌కు లేవకముందే నంబరు నొక్కి, పంపే బటన్ కూడా నొక్కి వెళ్లండి.