ఎక్స్‌ర్యాండర్: ఏళ్ల వాడకం తర్వాత

లినక్స్‌లో మానిటర్ సరైన రిజల్యూషన్ చూపకపోతే చాలామంది చేయి ముందు తెర అమరికలు చూపించి మార్చే ఎక్స్‌ర్యాండర్ కమాండ్ మీదికే వెళ్తుంది. రకరకాల గ్రాఫిక్స్ కార్డుల మీద ఏళ్లుగా వాడాక నాకు తేలింది ఇది: రిజల్యూషన్ మార్చడానికన్నా తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికే ఇది ఎక్కువ పనికొస్తుంది. ఎక్కడో దొరికిన న్యూమోడ్ వరుసను (కొత్త మోడ్‌ను, అంటే రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు జతను చేర్చే కమాండ్) నేరుగా అతికించేవాళ్లకు ఆ లాభం దక్కదు.

ముందు ఏ ఆప్షనూ లేకుండా నడపండి. 'కనెక్టెడ్' అన్న మాట ముందు హెచ్‌డీఎంఐ-1, ఈడీపీ-1 లాంటి పేరుండాలి. అక్కడ 'డీఫాల్ట్' అని ఉండి, పైన గామా సైజు దొరకలేదన్న ఎర్రర్ వచ్చి, కనిష్ఠం, ప్రస్తుతం, గరిష్ఠం మూడూ 1024 × 768 అనే చూపిస్తే ఇంకేమీ టైప్ చేయొద్దు. కార్డు అసలు డ్రైవర్ నడవడం లేదు, ఎన్ని మోడ్‌లు చేర్చినా ఫలితం ఉండదు. కంప్యూటర్‌లోని కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐని కె ఆప్షన్‌తో నడిపితే గ్రాఫిక్స్ కార్డుకు ఏ కెర్నెల్ డ్రైవర్ వాడుకలో ఉందో తెలుస్తుంది. ఆ వరుసే లేదంటే తరచూ కారణం రెండింట్లో ఒకటి: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రబ్‌లో (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) పెట్టిన, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఆపే 'నోమోడ్‌సెట్' ఇంకా అక్కడే ఉండిపోవడం, లేదా కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక ఎన్విడియా మాడ్యూల్ కొత్త కెర్నెల్‌కు బిల్డ్ కాకపోవడం.

పేరు సరిగ్గానే ఉండి జాబితా 1024 × 768 దగ్గర ఆగిపోతే ఈడీఐడీని అనుమానించాలి. మానిటర్ తన గురించి తాను చెప్పుకునే 128 బైట్ల సమాచారం అది (ఎక్స్‌టెన్షన్ ఉంటే మరో 128). వెర్బోస్ ఆప్షన్ ఇస్తే హెక్స్ అంకెల్లో కనబడాలి. కనబడలేదంటే కేబుల్, అడాప్టర్, కేవీఎం స్విచ్ (ఒకే మానిటర్‌ను పలు కంప్యూటర్లకు పంచేది)లలో ఏదో ఒకటి దాన్ని దాటనివ్వడం లేదు. ముందు కేబుల్ మార్చి చూడండి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చిట్కాలు రెండో దారి మాత్రమే.

అది కూడా కుదరనప్పుడే సీవీటీ అనే కమాండ్‌తో మోడ్ టైమింగ్ అంకెలు తయారు చేసుకోవాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 1920 1080 60 (వెడల్పు, ఎత్తు, రిఫ్రెష్ రేటు) అని అడిగితే పిక్సెల్ క్లాక్, అంటే పిక్సెల్‌లు పంపే వేగం, 173 మెగాహెర్ట్జ్ వస్తుంది. సింగిల్ లింక్ డీవీఐ, తొలితరం హెచ్‌డీఎంఐ 165 దాటవు, అందుకే తెర నల్లబడుతుంది లేదా మోడ్‌ను తిరస్కరిస్తుంది. పాత సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ పుంజం వెనక్కి రావడానికి వదిలే ఖాళీ సమయాన్ని కూడా సీవీటీ లెక్కలో వేస్తుంది కాబట్టే అంత అంకె. ఎల్‌సీడీకి ఆ ఖాళీ అక్కర్లేదు. ఆర్ ఆప్షన్ చేర్చితే క్లాక్ 138.5కి దిగుతుంది. తర్వాత న్యూమోడ్, యాడ్‌మోడ్, చివర అవుట్‌పుట్‌కు మోడ్. పేరు మూడు చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి, లేకపోతే మోడ్ దొరకలేదంటుంది.

మోడ్ మార్చే కమాండ్ తర్వాత సెమీకోలన్ పెట్టి స్లీప్ 15, ఆ తర్వాత అదే అవుట్‌పుట్‌కు ఆటో అని ఒకే వరుసలో రాయండి. తెర నల్లబడినా పదిహేను సెకన్లలో మానిటర్ ఇష్టపడే మోడ్‌కు తిరిగి వస్తుంది. ఈ అలవాటు లేకుండా ప్రయోగాలు చేయకండి.

లోపాలూ చిన్నవేం కాదు. సెషన్ ముగిస్తే చేసిందంతా పోతుంది. నిలవాలంటే ఎక్సార్గ్ (తెర నడిపే పాత సర్వర్) సెట్టింగ్‌లుండే ఎక్సార్గ్ కాన్ఫ్ డి ఫోల్డర్‌లో మానిటర్ సెక్షన్ ఉన్న ఫైల్ రాసి, అందులో మోడ్‌లైన్, ప్రిఫర్డ్‌మోడ్ పెట్టాలి. అంతకన్నా విసిగించేది పేర్ల గందరగోళం. ఒకే సాకెట్ మోడ్‌సెట్టింగ్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ-1, పాత ఇంటెల్ డ్రైవర్‌లో గీత లేని హెచ్‌డీఎంఐ1, ఏఎండీ కార్డుల ఏఎండీజీపీయూ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ-ఎ-0. కెర్నెల్ మాత్రం హెచ్‌డీఎంఐ-ఎ-1 అంటుంది, గ్రబ్‌లో 'వీడియో' పరామితికి ఇవ్వాల్సింది ఆ పేరే. డ్రైవర్ మారిన రోజు స్క్రిప్టులన్నీ విరుగుతాయి.

ఎక్సార్గ్ స్థానంలో వచ్చిన వేలాండ్ సెషన్‌లో ఎక్స్‌ర్యాండర్‌ను నమ్ముకోకండి. పాత ప్రోగ్రామ్‌ల కోసం వేలాండ్‌లో నడిచే ఎక్స్‌వేలాండ్ చూపించే బొమ్మే దీనికి కనబడుతుంది. కొన్ని చోట్ల అవుట్‌పుట్ పేరే ఎక్స్‌వేలాండ్0 అని వస్తుంది, మోడ్ చేర్చినా అసలు మానిటర్‌కు అందదు. కేడీఈలో అయితే కేస్క్రీన్ డాక్టర్, స్వే లాంటి వాటిలో డబ్ల్యూఎల్‌ఆర్ ర్యాండర్, గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే పేజీ వాడాలి.