కదకెస్ మేలా, నెర్హా మేలా? ముందు ఏ నెలలో వెళ్తారో చెప్పండి

స్పెయిన్‌లో నాలుగు రోజులు సముద్రం పక్కన ఏ హడావుడీ లేకుండా గడపాలి, ఏ ఊరు వెళ్ళమంటారు అని అడిగేవాళ్ళకి బార్సిలోనా బీచ్ చెప్పడం దండగ. ఆగస్టులో అక్కడ ఇసుక కంటే తువ్వాళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. చిన్న ఊళ్ళలో నా లెక్కన రెండు పేర్లు గట్టిగా పోటీ పడతాయి. ఒకటి కతలోనియాలో, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కదకెస్. రెండోది దక్షిణాన, మలగాకు తూర్పుగా 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నెర్హా. ఉత్తర తీరంలో అస్తూరియాస్ వైపు కూడా ముచ్చటైన రేవులున్నాయి గానీ, అక్కడ నడి వేసవిలోనూ వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. ఎండ కోసం వెళ్ళేవాళ్ళు అటు పోకపోవడమే మంచిది.

కదకెస్ ప్రశాంతంగా ఉండడానికి అసలు కారణం దాని రోడ్డు. ఐబీరియా ద్వీపకల్పానికి తూర్పు కొస అయిన కాప్ దె క్రెయుస్ పక్కనే ఈ ఊరు. రైలు లేదు. బార్సిలోనా నుంచి హై స్పీడ్ రైల్లో గంటలోపే ఫిగేరస్ చేరినా, అక్కడి నుంచి బస్సులో కొండలెక్కి దిగాల్సిందే. ఘాట్ రోడ్డు పడనివాళ్ళు ముందే మాత్ర వేసుకోవాలి. ఈ ఊరి మీదుగా ఇంకెక్కడికో పోయేవాళ్ళు ఉండరు, కావాలని వచ్చేవాళ్ళే వస్తారు. ఉండే జనం సుమారు 3 వేలు. తెల్లటి ఇళ్ళు, పైన చర్చి, కింద పడవలు. ఇంతకు మించి చూడాల్సినవి ఊళ్ళో పెద్దగా లేవు, అదే దాని గొప్ప.

ఉన్న ఒక్క పెద్ద ఆకర్షణ పక్కనే పోర్ట్‌లిగాట్‌లో ఉంది. చిత్రకారుడు సాల్వడార్ దాలీ 1930లో అక్కడ ఒక జాలరి గుడిసె కొని, తర్వాత పక్క గుడిసెలు కూడా ఒక్కొక్కటే కలుపుకుంటూ ఇల్లు కట్టుకున్నాడు. 1982లో భార్య గాలా పోయేదాకా అదే ఆయన నివాసం. గదులు ఇరుకు కాబట్టి కొద్దిమంది చొప్పున లోపలికి పంపుతారు. టికెట్ ముందే బుక్ చేసుకోకుండా వెళ్తే బయట ఆలివ్ చెట్లు చూసి తిరిగి రావాల్సి ఉంటుంది. ఊరి నుంచి నడిచే వెళ్ళొచ్చు, ఇరవై నిమిషాలు చాలు.

నెర్హా తీరు వేరు. జనాభా 20 వేల పైమాటే. కొండ అంచున, సముద్రం మీదకి పొడుచుకొచ్చినట్టుండే బాల్కన్ దె యూరోపా అనే చదునైన వేదిక ఊరికి నడిబొడ్డు. సాయంత్రమైతే ముసలీ ముతకా, పిల్లలూ అందరూ అక్కడే. మలగా విమానాశ్రయానికి యూరప్ నలుమూలల నుంచీ చవక విమానాలుంటాయి కాబట్టి డబ్లిన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకి ఇదే సులువు. మలగా నుంచి నెర్హాకి బస్సులు తరచుగా ఉంటాయి, కారు అక్కర్లేదు. 1959లో కుర్రాళ్ళు కొందరు అనుకోకుండా కనిపెట్టిన గుహలు ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. అందులో ఒక రాతి స్తంభం ఎత్తు 32 మీటర్లు. ఒక రోజు పెట్టుకుంటే గ్రనాడా వెళ్ళి అల్హంబ్రా కోట చూసి రావచ్చు. అయితే విశ్రాంతి కోసం వచ్చి రోజుకో ఊరు తిరిగేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

ఇక ఏది మేలు అంటే, నెలను బట్టే చెప్పాలి.

మన వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే సముద్రం రెండు చోట్లా చల్లగానే ఉంటుంది. కాళ్ళు తడుపుకోవడమే తప్ప ఈత ఆశించొద్దు. జూన్ మాత్రం కదకెస్‌దే. జూలై, ఆగస్టుల్లో రెండూ వద్దు. ఆగస్టు స్పానిష్ వాళ్ళకే సెలవుల నెల, అప్పుడు కదకెస్‌లో కారు పెట్టే చోటు దొరికితే అదృష్టం. దసరా సెలవుల్లో అయితే నెర్హాకే నా ఓటు. నీళ్ళలో వేసవి వెచ్చదనం ఇంకా ఉంటుంది, పైగా ఆ చుట్టుపక్కల అక్సర్కియా ప్రాంతంలో మామిడికాయలు కోతకొచ్చేది సరిగ్గా అప్పుడే. అక్టోబరులో మామిడిపండ్లు! బంగినపల్లిని మరిపించవు గానీ తినొచ్చు. క్రిస్మస్, సంక్రాంతి రోజుల్లో పోటీయే లేదు. నెర్హాలో జనవరి పగటిపూట కూడా 16, 17 డిగ్రీలు ఉంటుంది, దుకాణాలు తెరిచే ఉంటాయి. కదకెస్‌లో అప్పుడు చాలా హోటళ్ళు మూసేస్తారు.

కదకెస్‌లో ఇంకో చిక్కు గాలి. ఉత్తరం నుంచి త్రాముంతానా లేచిందంటే రోజుల తరబడి వదలదు, కాప్ దె క్రెయుస్ దగ్గర గంటకు 100 కిలోమీటర్ల వేగం కూడా దాటుతుంది. ఆకాశం మాత్రం అద్దంలా ఉంటుంది. అలాంటి రోజు తలుపేసుకుని పడుకోవడమే.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మోకాళ్ళ సంగతి కూడా చూడాలి. కదకెస్ పాత వీధుల్లో పలకరాళ్ళని నిలువుగా, అంచు పైకి వచ్చేలా పాతారు. ఏటవాలు సందులు, తడిస్తే జారుడు, చక్రాల సూట్‌కేసు అక్కడ పనికిరాదు. బీచ్‌లలోనూ గులకరాళ్ళే, రబ్బరు చెప్పులు లేకుండా నీళ్ళలో దిగలేం. నెర్హాలో బీచ్‌లకి దిగే దారులు ఏటవాలే గానీ పైన ఊరంతా చాలావరకు చదును. బుర్రియానా బీచ్‌లో ఇసుక ఉంది, నీడకి గొడుగులున్నాయి.

శాకాహారులకి రెండు చోట్లా వంకాయే దిక్కు. కదకెస్ వైపు ఎస్కలివాదా పెడతారు. కాల్చిన వంకాయ, క్యాప్సికం, పైన ఆలివ్ నూనె, చింతపండూ మిరపకాయా మర్చిపోయిన వంకాయ పచ్చడి అనుకోండి. నెర్హా వైపు వంకాయ ముక్కలు కరకరలాడేలా వేయించి, పైన చెరకు పాకం పోస్తారు. ఆ పాకం పక్కనే ఉన్న ఫ్రిహిలియానాలో తయారవుతుంది. నా దృష్టిలో నెర్హా వంకాయదే గెలుపు. చేపలు తినేవాళ్ళకి అక్కడే బీచ్ మీద, ఇసుక నింపిన పాత పడవలో నిప్పు రాజేసి సార్డీన్లు పుల్లలకి గుచ్చి కాలుస్తారు. ఎక్కడైనా సరే, రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే గానీ చాలా వంటిళ్ళు వెలగవు. పిల్లలుంటే గదిలో ఏదో ఒకటి పెట్టుకోండి.

ఖర్చులో చిన్న తేడా: కతలోనియాలో హోటల్ బిల్లు మీద రాత్రికింత అని పర్యాటక పన్ను ఉంటుంది, 16 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ. నెర్హా ఉన్న అందాలూసియాలో అది లేదు.

నెర్హాలో గది తీసుకునేటప్పుడు మ్యాపులో టుట్టి ఫ్రుట్టి అనే చౌక్ ఎక్కడుందో చూసి, దానికి దూరంగా తీసుకోండి. బార్లన్నీ అక్కడే, తెల్లవారుజాము దాకా పాటలే. కదకెస్‌లో ఆ బాధ తక్కువ. ఇద్దరే వెళ్తూ, సెప్టెంబరులో వారం రోజులు చేతిలో ఉంటే నేనైతే రెండో ఆలోచన లేకుండా కదకెస్ బస్సెక్కుతాను.