కాలి పుండుకు ఒక్క డాక్టరా, టీమా?

షుగర్ ఉన్నవాళ్లకి అరికాల్లో పుండు పడితే చాలామంది వెళ్లేది వీధి చివర క్లినిక్‌కే. రోజూ కట్టు, ఓ యాంటీబయాటిక్. ఖర్చు తక్కువే. కానీ కాలికి రక్తం అందుతోందా అని చూసేవాళ్లు తక్కువ. షుగర్ వల్ల కాల్లో స్పర్శ పోయింది కాబట్టి నొప్పి తెలీదు, ఆ పుండు మీదే నడిచేస్తారు. వేలు నల్లబడ్డాక పరుగులు, టెన్షన్.

టీమ్ ఉన్న ఫుట్ క్లినిక్‌లో మొదట్లోనే చీలమండ దగ్గర డాప్లర్ అనే పరికరంతో రక్తప్రసరణ చూస్తారు. రక్తనాళం మూసుకుపోతే వాస్కులర్ సర్జన్ తెరిచే ప్రయత్నం చేస్తారు. ఒకరు చచ్చిన కండ తీస్తారు, ఒకరు షుగర్ అదుపు చేస్తారు, ఇంకొకరు పుండు మీద బరువు పడకుండా పిండికట్టో ప్రత్యేక చెప్పులో ఇస్తారు. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ చివరిదే. లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో 1981లో ఇలాంటి క్లినిక్ పెట్టాక కాళ్లు తీసేయాల్సి రావడం బాగా తగ్గింది.

దూరమైనా నా ఓటు టీమ్‌కే. వాళ్లు చెప్పిన పద్ధతిలో కట్టు మార్చడానికి వీధి క్లినిక్ చాలు.