హిమ్మెల్ పోయిన 28 ఏళ్లకి

తణుకులో మాది ఫోటో ఫ్రేముల షాపు. దేవుడి పటాలూ పెళ్లి ఫోటోలూ కడతాం కానీ, షాపు అద్దె కట్టేది మాత్రం పోయినవాళ్ల ఫోటోలే. పెద్దకర్మకి రెండు రోజుల ముందు పరిగెత్తుకుంటూ వస్తారు. చేతిలో ఆధార్ కార్డో, ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటోనో ఉంటుంది. "అన్నా, ఇదిగో వెనక వరసలో సగం మొహం కనిపిస్తుందే, ఆయనే మా నాన్న. పెద్దది చేసి తెల్ల చొక్కా వేసెయ్" అంటారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్క మంచి ఫోటో తీసుకోలేదు చూడండి అని.

ఒక ఆదివారం మా అమ్మాయి షాపులో కూర్చుని ఫోన్లో ఏదో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తోంది. పొడుగు చెవుల అమ్మాయి ఒకతి సమాధి దగ్గర నిలబడి ఏడుస్తోంది. ఏమంటోందే అని అడిగాను. "మనుషుల ఆయుష్షు తక్కువని తెలిసి కూడా ఈయన గురించి ఎందుకు తెలుసుకోలేదు అంటోంది నాన్నా" అని చెప్పింది. ఫ్రేము కర్ర కోసే మెషిన్ ఆపి, అమ్మాయి వెనకాల నిలబడి మిగతాది చూశాను. ఆ తర్వాత నెల రోజుల్లో మొదటి సీజన్ 28 ఎపిసోడ్లూ పూర్తి చేశాను. జపనీస్ మాటలు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. నాకు అర్థం కానిచోట అమ్మాయి చెప్పింది, దానికి విసుగొచ్చినచోట నేనే ఊహించుకున్నాను.

సీరియల్ పేరు 'ఫ్రీరెన్'. మొదట ఇది మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. కనెహితో యమద రాస్తే త్సుకాసా అబే బొమ్మలు వేశారు. 2020 ఏప్రిల్‌లో 'షోనెన్ సండే' వారపత్రికలో మొదలైంది. మరుసటి ఏడాదే అక్కడి మాంగా తైషో అవార్డు వచ్చింది. మ్యాడ్‌హౌస్ స్టూడియో దీన్ని యానిమేగా, అంటే బొమ్మల సీరియల్‌గా తీసింది. దర్శకుడు కెయిచిరో సైతో. 2023 సెప్టెంబర్ 29న జపాన్ టీవీలో మొదటి నాలుగు ఎపిసోడ్లూ కలిపి రెండు గంటల సినిమాలా వేశారట. మీరూ అలాగే చూడండి. ఒక్క ఎపిసోడ్ చూసి ఆపేస్తే ఏడుపు సీరియల్ అనుకుంటారు, కాదు.

కథ మన జానపద సినిమాలో 'శుభం' కార్డు పడ్డాక మొదలవుతుంది. వీరుడు హిమ్మెల్, తాగుబోతు పూజారి హైటర్, మరుగుజ్జు జాతి యోధుడు ఐజెన్, మంత్రాలు తెలిసిన ఫ్రీరెన్, ఈ నలుగురూ పదేళ్లు తిరిగి రాక్షసరాజుని చంపి వచ్చేశారు. ఊరేగింపు కూడా అయిపోయింది. ఆ రాత్రి ఉల్కలు రాలతాయి. యాభై ఏళ్లకి ఒకసారి రాలే ఉల్కలవి. నేను చూసిన పొడుగు చెవుల అమ్మాయి ఈ ఫ్రీరెనే. వేల ఏళ్లు బతికే ఎల్ఫ్ జాతి, వయసు వెయ్యి పైనే. ఈసారి రాలినప్పుడు ఇంతకన్నా బాగా కనిపించే చోటు చూపిస్తాను, అందరం వెళ్దాం అంటుంది. వచ్చే ఆదివారం అత్తిలి వెళ్దాం అన్నంత తేలిగ్గా. అని, వెళ్లిపోతుంది.

యాభై ఏళ్ల తర్వాత నిజంగానే వస్తుంది. వచ్చింది ఉల్కల కోసమే కాదు, తను దాచమని ఇచ్చిన నల్ల డ్రాగన్ కొమ్ము తీసుకుపోవడానికి కూడా. హిమ్మెల్ బట్టతల పడి, గడ్డం పెరిగి, కుంచించుకుపోయి ఉంటాడు. కొమ్ము మాత్రం భద్రంగా ఉంచాడు. నువ్వు తేలిగ్గా ఇచ్చి ఉండొచ్చు, నాకు మాత్రం అది స్నేహితురాలు దాచమన్న వస్తువు అంటాడు. నలుగురూ కలిసి వెళ్లి ఉల్కలు చూస్తారు. తర్వాత కొన్నాళ్లకే అతను పోతాడు. నేను షాపులో చూసింది ఆ అంత్యక్రియలే.

చావు లేకపోవడం మనకి కొత్త సంగతి కాదు. చిరంజీవులు ఏడుగురున్నారు. వాళ్లలో అశ్వత్థామకైతే అది శాపం. నా షాపులోనే పెళ్లి ఫోటో మీద 'చి.' అని, పోయినవాళ్ల ఫోటో మీద 'కీ.శే.' అని ఒకే ఫాంట్‌లో కొడతాను. కానీ ఫ్రీరెన్ బాధ అశ్వత్థామ బాధ కాదు. బతుకు మీద విసుగేమీ లేదు ఆమెకి. పొద్దున లేవదు, పనికిరాని మంత్రాల పుస్తకాలు పోగేస్తుంది, పెట్టె కనిపిస్తే లోపల భూతం ఉందని తెలిసినా తల దూర్చేస్తుంది. ఆమె తప్పు ఒక్కటే, తొందరేముంది అనుకోవడం. ఆ తప్పు చేయడానికి వెయ్యేళ్లు బతకాల్సిన పనేమీ లేదని మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తున్నాను.

ఇందులో కాలం చెప్పే పద్ధతి నాకు బాగా నచ్చింది. సంవత్సరం నంబరు వేయరు. 'వీరుడు హిమ్మెల్ మరణించిన 28 సంవత్సరాల తర్వాత' అని అక్షరాలు పడతాయి. మా ఇంట్లో కూడా అంతే. ఇల్లు ఎప్పుడు కట్టారంటే మా అమ్మ తారీఖు చెప్పదు. మీ తాతయ్య పోయిన మూడేళ్లకి అంటుంది, లేదంటే 96 తుఫాను ముందా తర్వాతా అని లెక్కేస్తుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే ముసలి హైటర్ ఉంటాడు. చావు దగ్గరపడింది. ఫెర్న్ అనే అనాథ పిల్లని పెంచుకుంటూ ఉంటాడు. ఫ్రీరెన్‌కి ఒక పాత గ్రంథం ఇచ్చి, ఇందులో చావుని తప్పించే మంత్రం ఉందంటారు, చదివి అర్థం చెప్పు అంటాడు. నాకు చావంటే భయంగా ఉంది అని కూడా అంటాడు. ఆమె ఏళ్ల తరబడి ఆ గూఢలిపి విప్పుతూ కూర్చుంటుంది. ఖాళీ దొరికినప్పుడు పిల్లకి మంత్రాలు నేర్పుతుంది. చివరికి గ్రంథంలో అలాంటి మంత్రమేమీ లేదని తేలుతుంది. హైటర్‌కి కావలసింది అది కాదు. తను పోయేలోపు పిల్ల తన కాళ్ల మీద నిలబడగలగాలి, ఆమె బాధ్యత ఫ్రీరెన్ తీసుకోవాలి. నేరుగా అడిగితే కాలికి అడ్డం అవుతుందని వద్దంటుంది, అందుకే ఈ నాటకం. అమరత్వం మీద బోలెడు కథలు విన్నాను కానీ, చావు తప్పించుకునే మంత్రాన్ని పిల్లకి ట్యూషన్ పెట్టించడానికి వాడుకున్నవాణ్ణి ఇక్కడే చూశాను.

అదే హైటర్, తల్లిదండ్రులు పోయి కొండ అంచున నిలబడిన ఫెర్న్‌ని ఆపేటప్పుడు ఇంకో మాట అంటాడు. నేను పోతే హిమ్మెల్ దగ్గర నేర్చుకున్నవి, అతని జ్ఞాపకాలు నాతోనే పోతాయేమో అని బతుకుతున్నాను, నీ దగ్గరా అలాంటివి ఉన్నాయి కదా అని. నీతి చెప్పినట్టు ఉండదు. పక్కన కూర్చుని ఏదో మాట్లాడినట్టు ఉంటుంది.

హిమ్మెల్ విగ్రహాల సంగతి చెప్పాలి, నా వృత్తికి దగ్గర కాబట్టి. సాయం చేసిన ప్రతి ఊళ్లోనూ వీళ్ల విగ్రహాలు పెడతారు. హిమ్మెల్‌కి తన అందం మీద మహా మోజు. ఏ పోజు పెట్టాలో తేలక శిల్పిని చంపుకు తింటాడు. మా షాపుకి వచ్చే పెళ్లికొడుకుల్లో సగంమంది ఇంతే అని నవ్వుకున్నాను. ఎందుకు ఇన్ని విగ్రహాలు అని ఫ్రీరెన్ అడిగితే, నా అందం తరతరాలు చూడాలి కదా అంటాడు. ఆపైన, అసలు కారణం అది కాదు, ముందు ముందు నువ్వు ఒంటరివి కాకుండా ఉండటానికి అంటాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె తుప్పు పట్టిన ఆ విగ్రహాల్లో ఒకదాన్ని మంత్రంతో తోమి, చుట్టూ అతని సొంతూరి నీలం పువ్వులు నాటాలని నెలల తరబడి వెతుకుతుంది. ఆ పువ్వు ఎక్కడా లేదని ఊళ్లోవాళ్లు అంటున్నా వినదు.

ఇక పదహారో ఎపిసోడ్. ఫోల్ అనే ముసలి మరుగుజ్జు ఒక ఊరిని నాలుగు వందల ఏళ్లకి పైగా కాపలా కాస్తుంటాడు. అది అతని భార్యకి ఇష్టమైన ఊరు. ఆమె మనిషి, ఎప్పుడో పోయింది. ఎందుకు కాస్తున్నావంటే, ఆమె మొహం, గొంతు, చూపు ఏదీ ఇప్పుడు గుర్తు లేదు, అయినా కాస్తూనే ఉన్నాను అంటాడు. అక్కడ పాజ్ కొట్టి కాసేపు బయటికి వెళ్లి వచ్చాను.

మా నాన్న పోయి పదకొండేళ్లు. ఆయన ఇంట్లో బనీను మీదే ఉండేవారు, భుజం మీద ఎర్ర తువ్వాలు. బయటికి వెళ్తే బిస్కెట్ రంగు చొక్కా. పెద్దకర్మకి ఆయన ఫోటో నేనే చేశాను. అందరికీ వేసినట్టే ఫోటోషాప్‌లో తెల్ల చొక్కా వేశాను, కాలర్ దగ్గర నీడ సరిపోలేదని ఒక రాత్రంతా కూర్చుని సరిచేశాను. ఇప్పుడు కళ్లు మూసుకుని నాన్నని తలుచుకుంటే ఆ తెల్ల చొక్కాతోనే కనిపిస్తారు. ఆయన జన్మలో వేసుకోని చొక్కా అది. ఫోల్ భార్య మొహాన్ని కాలం తీసుకుపోయింది. మా నాన్నది మాత్రం నేనే చెరిపాను, అదీ చాలా నీటుగా. కానీ ఇప్పటికీ పట్టు దొరకని స్క్రూ వచ్చినప్పుడు నాలిక బయటపెట్టి తిప్పుతాను. అది ఆయన అలవాటు. నీ మొహంలో మీ నాన్న దిగిపోయాడురా అని మా అమ్మ అంటుంది. ఫ్రీరెన్ దారిలో కనిపించినవాళ్లకల్లా చిల్లర పనులు చేసి పెట్టి, ఎందుకంటే "హిమ్మెల్ అయితే ఇలాగే చేసేవాడు" అనడం నాకు అప్పుడు వేరేగా వినిపించింది. మొదట్లో అది ఊతపదం అనుకున్నాను.

ఉంగరం ఘట్టం గురించి ఎక్కువ చెప్పను, పద్నాలుగో ఎపిసోడ్‌లో మీరే చూడండి. ఆమెకి తెలియకుండా అతను ఏం చెప్పాడో, తెలిసేసరికి ఎన్నేళ్లయిందో అందులో ఉంది. మాటలు చాలా తక్కువ. ఎవాన్ కాల్ సంగీతం కూడా అక్కడ అతి చేయలేదు.

నచ్చనివి లేకపోలేదు. పద్దెనిమిదో ఎపిసోడ్ నుంచి చివరిదాకా మంత్రగాళ్ల పరీక్షలు. మా అమ్మాయికి ఈ భాగమే ప్రాణం, నాకు మాత్రం ఎంసెట్ కోచింగ్ సెంటర్‌లో కూర్చున్నట్టు అనిపించింది. ఒక్కసారిగా పదిమంది కొత్తవాళ్లు వస్తారు, అందరివీ జర్మన్ పేర్లు. హిమ్మెల్ అంటే ఆకాశం, ఐజెన్ అంటే ఇనుము, ఫ్రీరెన్ అంటే గడ్డకట్టడం అని అమ్మాయి చెప్పింది కాబట్టి ఆ మూడూ గుర్తున్నాయి, మిగతావి లేవు. ఆ భాగంలో మా ఆవిడ ఒకే ఒక్కసారి తలెత్తి చూసింది. ఫెర్న్ పరీక్ష నెగ్గితే ఏ మంత్రం కావాలంటే అది ఇస్తామంటారు. బట్టల మురికి పూర్తిగా వదిలే మంత్రం కావాలంటుంది. "తెలివైన పిల్ల" అని మా ఆవిడ మళ్లీ చింతపండు తీయడంలో పడింది. బట్టలు కరిగిపోయే మందు లాంటి జోకులు మాత్రం కూతురి పక్కన కూర్చుని చూడటానికి ఇబ్బందిగా ఉన్నాయి.

ఇంకొకటి రాక్షసుల సంగతి. ఇందులో రాక్షసులకి మనసుండదు, మనుషులని మోసం చేయడానికే మాట నేర్చుకుంటారు. చంపబోతే ఒక రాక్షస పిల్ల "అమ్మా" అంటుంది. ఆ మాట అంటే మనుషులు కత్తి దించుతారని దానికి తెలుసు, అంతే. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఆ ఘట్టాన్ని తీసిన తీరు గొప్పదే. కానీ ఒక జాతి మొత్తం అంతే అనేస్తే తర్వాత ఎవరినెలా నరికినా చూసేవాడికి పట్టింపు ఉండదు. ఒక్క మనిషిని తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుందని చెప్పే కథలో ఇంత తేలిక తీర్పు నాకు మింగుడుపడలేదు. మా అమ్మాయితో దీని మీద పెద్ద వాదనే అయింది. "నాన్నా, పులి గురించి కూడా ఇలాగే అంటావా" అంది. దానికి జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

మాంగా ఇంగ్లీష్‌లో దొరుకుతుంది, మేం రెండు భాగాలు తెప్పించాం. కుడి నుంచి ఎడమకి చదవాలని తెలియక నేను మొదటి కొన్ని పేజీల్లో జవాబు ముందు, ప్రశ్న తర్వాత చదివాను. రంగులుండవు, సంగీతం ఉండదు. కానీ మాటల్లేని గళ్ల దగ్గర మనకి ఇష్టమైనంతసేపు ఆగొచ్చు. డబ్బులు పెట్టి కొనాలా అంటే, ముందు యానిమే మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసి, నచ్చితే కొనండి.

మొన్న మంగళవారం ఒకాయన తండ్రి ఫోటో తెచ్చారు. పొలం గట్టు మీద నిలబడి ఉన్నాడు, తలపాగా, గళ్ల లుంగీ, నవ్వుతున్నాడు. ఈ మధ్య అందరినీ ఒక మాట అదనంగా అడుగుతున్నాను, ఆయన్నీ అడిగాను, చొక్కా మార్చమంటారా, ఇలాగే ఉంచమంటారా అని. ఆయన ఫోటో వంక చాలాసేపు చూసి, "తెల్లది వేసెయ్యండి, అందరూ వస్తారు కదా" అన్నారు. తలపాగా ఉంచనా అన్నాను. ఉంచమన్నారు.