పోస్టు ముందా, విలువ ముందా?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాళ్లను అడిగితే చాలామంది ముందు పోస్టు పేరే చెబుతారు: డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ. ఇలా లక్ష్యంతో మొదలుపెడితే సిలబస్, టైమ్‌టేబుల్ వెంటనే కుదురుతాయి. అది చిన్న లాభం కాదు. కానీ తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్! పోస్టే జీవితం అనుకున్నవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో.

'ఊరి జనానికి పనికొచ్చే ఉద్యోగం చేయాలి' అనే విలువను ముందే తేల్చుకున్నవాళ్లకూ ఆ బాధ తప్పదు. అయితే వాళ్లకు టీచర్, పంచాయతీ కార్యదర్శి దారులూ కనిపిస్తాయి. ఈ పద్ధతిలో చిక్కల్లా గడువు లేకపోవడమే. నేనైతే విలువనే ముందు రాసుకోమంటాను. దాని కిందే పరీక్ష పేరు, ఎన్నేళ్లు ప్రయత్నించాలో కూడా రాయాలి.